హారంలోని రూపాయి: నాణెం నిజమా, వెండి నిజమా?

మన తాండాల్లో పాత పెట్టెలు తెరిస్తే కాగితాలు తక్కువగా కనిపిస్తాయి. పట్టాలు, రేషన్ కార్డులు నిన్నమొన్నటివి. ముత్తాతలు ఏ సంవత్సరంలో పుట్టారో ఎక్కడా రాసి లేదు. కానీ చాలా ఇళ్ళలో రూపాయల హారం ఉంది, లేదా ఒకప్పుడు ఉండేది. అందులోని ఒక్కో రూపాయి మీద ఒక పాలకుడి గుర్తు, ఒక సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. రాత రాని మన యాడీలు, నానీలు మనకు దాచిపెట్టి ఇచ్చిన రాతపూర్వక ఆధారం ఇదొక్కటే అనవచ్చు.

ఈ హారం ఎప్పుడు బయటికి వస్తుందో మనందరికీ తెలుసు. బోరు వేయాలి, ఆసుపత్రిలో కట్టాలి, పిల్లకు కాలేజీ ఫీజు కట్టాలి. అప్పుడు మూట కట్టుకుని పట్నం పోతాం. దుకాణంలో రెండు మూడు రూపాయలు తిప్పి చూసి, "వీటిల్లో వెండి లేదమ్మా, దొంగ రూపాయలు" అంటారు. దాంతో రెండు నష్టాలు. ఒకటి, హారం మొత్తం తక్కువ ధరకు పోతుంది. రెండోది ఇంకా పెద్దది. "పాపం మన నానీకి తెలియక ఎవరో మోసం చేశారు" అనే మాట ఇంట్లో నిలిచిపోతుంది.

ఆ మాట చాలాసార్లు నిజం కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే రూపాయి చరిత్ర కొంచెం తెలియాలి. నాణేన్ని చూసి, తూచి, నీళ్ళలో ముంచి నిజం తెలుసుకోవడం కూడా రావాలి. ఈ రెండూ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

ప్రశ్న ఒకటి కాదు, రెండు

"ఇది నిజమైనదేనా?" అని మనం ఒకే ప్రశ్న అడుగుతాం. కానీ అందులో రెండు ప్రశ్నలు ఉన్నాయి. నాణెం నిజమైనదేనా, అంటే ప్రభుత్వ టంకశాలలో అచ్చయిందేనా? ఇది మొదటిది. అందులో వెండి ఎంత? ఇది రెండోది.

ఈ రెండూ కలిపి చూస్తే నాలుగు రకాలు వస్తాయి. నాణెం నిజం, వెండి నిండుగా ఉంది. నాణెం నిజం, వెండి సగమే ఉంది లేదా అసలే లేదు. నాణెం నకిలీ, వెండి మాత్రం నిజం. నాణెం, వెండి రెండూ నకిలీ. మూడో రకం ఎలా ఉంటుందని అడుగుతారేమో. ఇప్పుడు పండుగలకు, పెళ్ళిళ్ళకు కానుకగా ఇవ్వడానికి విక్టోరియా రాణి బొమ్మతో కొత్తగా వెండి బిళ్ళలు చేసి అమ్ముతున్నారు. అందులో వెండి ఉంటుంది, చరిత్ర ఉండదు.

మన హారాల విషయంలో గొడవంతా రెండో రకం దగ్గరే. సగం వెండి ఉన్న రూపాయిని దుకాణంలో దొంగ రూపాయి అంటారు. అది దొంగది కాదు. ఆ వెండిని తగ్గించింది ప్రభుత్వం. ఎప్పుడు, ఎందుకు తగ్గించిందో చూద్దాం.

రూపాయి మన మెడలోకి వచ్చిన దారి

మన పెద్దలది లదేణి బతుకు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊళ్ళు, రాజ్యాలు దాటి తిరిగేవాళ్ళు. మొగలుల సైన్యాలకైనా, దక్కనులో యుద్ధాలు చేసిన ఇంగ్లీషు సైన్యాలకైనా తిండిగింజలు చేరవేసింది బంజారాలే. ఇలా తిరిగేవాళ్ళకు భూమి ఉండదు, గోడలున్న ఇల్లు ఉండదు. దాచుకున్నది ఒంటి మీదే ఉండాలి. మెడలో హాస్లి, చెంపల దగ్గర ఘుగ్రి, గుండెల మీద రూపాయల హారం. అది అలంకారమూ అయింది, బ్యాంకూ అయింది. ముఖ్యంగా అది ఆడవాళ్ళ సొమ్ము. తల్లి నుంచి బిడ్డకు వచ్చేది.

అయితే వెండి ముద్ద కాకుండా నాణేన్నే ఎందుకు ఎంచుకున్నారు? ఎందుకంటే నాణెం బరువు, నాణ్యత అందరికీ తెలుసు. 1835లో ఈస్ట్ ఇండియా కంపెనీ తన పాలనలో ఉన్న ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయిని చట్టం చేసింది. బరువు 180 గ్రెయిన్లు, మన లెక్కలో 11.66 గ్రాములు. అందులో 12 పాళ్ళలో 11 పాళ్ళు వెండి, ఒక పాలు రాగి. అంటే సుమారు 91.7 శాతం వెండి. వట్టి వెండి మెత్తగా ఉండి త్వరగా అరిగిపోతుంది కాబట్టి గట్టిదనం కోసం రాగి కలిపారు.

ఈ రూపాయి బరువే తులం బరువు. 80 రూపాయల ఎత్తు ఒక సేరు, 120 రూపాయల ఎత్తు ఒక వీశె. అంటే రూపాయి డబ్బే కాదు, తూకపు రాయి కూడా. చదువు రాకపోయినా ఎన్ని రూపాయలుంటే అన్ని తులాల వెండి నగ అని మన నానీలు వేళ్ళ మీద లెక్క చెప్పగలిగేవాళ్ళు.

1893 దాకా ఇంకో సౌకర్యం ఉండేది. ఎవరైనా వెండి తీసుకుపోయి టంకశాలలో ఇస్తే, కొద్దిగా కూలి పట్టుకుని రూపాయలు అచ్చువేసి ఇచ్చేవాళ్ళు. ఆ సంవత్సరం జూన్‌లో ప్రభుత్వం ఈ పద్ధతిని మూసేసింది. ప్రపంచంలో వెండి ధర పడిపోతూ ఉంది. కడియం, కంటె అమ్మబోతే వెండి ధరే వచ్చేది. రూపాయి నాణేనికి మాత్రం రూపాయి విలువ నిలిచింది. నగలోని వెండి చవకైనా, నగలో కుట్టిన రూపాయి సంతలో రూపాయిగానే చెల్లింది. నాణేన్ని హారంగా వేసుకోవడం ఎంత తెలివైన పనో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అప్పటికే మన లదేణి దెబ్బతింటూ ఉంది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. ఎద్దులు మోసిన బరువు రైలు మోయసాగింది. తాండాలు ఒకచోట నిలిచి సేద్యానికి, కూలికి మళ్ళాయి. అలాంటి కష్టకాలంలోనూ ఒక్కో రూపాయి చేర్చి కట్టిన హారాలు ఇవి.

హాలీ సిక్కా, కల్దారు

తెలంగాణ తాండాల హారాల్లో రెండు రకాల రూపాయలు కలిసి ఉండే అవకాశం ఉంది. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది. దాన్ని హాలీ సిక్కా అనేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళ రూపాయిని కల్దారు అనేవాళ్ళు.

1903 ప్రాంతం నుంచి వచ్చిన హాలీ రూపాయి మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. చార్మినార్ కమాను నడుమ ఒక ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలానిదైతే మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిదైతే ఐన్. సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. 1321 అని ఉంటే అది 1903వ సంవత్సరం దగ్గరిదని లెక్క.

హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి సుమారు 82 శాతం. కల్దారు కంటే కాస్త తక్కువ. అందుకే మారకంలో 6 కల్దారు రూపాయలకు 7 హాలీ రూపాయలు ఇచ్చేవాళ్ళు. హారంలో చార్మినార్ రూపాయి తూకం తక్కువ వచ్చిందంటే అది నకిలీ అని కాదు. దాని అసలు బరువే అంత. దాన్ని రాణి రూపాయితో పోల్చి తప్పుపట్టడం, సేరును వీశెతో పోల్చి దొంగ తూకం అనడం లాంటిది. హైదరాబాద్ భారతదేశంలో కలిసిన తర్వాత కూడా కొన్నేళ్ళు ఈ నాణేలు నడిచి, 1959లో చెల్లకుండా పోయాయి.

యుద్ధం రూపాయిలో వెండిని సగం చేసింది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. 1940లో ఫ్రాన్స్ ఓడిపోయిందన్న వార్త వచ్చాక జనానికి కాగితం నోట్ల మీద నమ్మకం సడలింది. నోట్లు ఇచ్చి వెండి రూపాయలు తీసుకుని దాచడం మొదలుపెట్టారు. ఆ జూన్‌లోనే ప్రభుత్వం సొంత ఖర్చుకు, వ్యాపారానికి అవసరమైన దానికంటే ఎక్కువ నాణేలు పోగుచేయడం నేరమని ప్రకటించింది. తాతల కాలం నుంచి నాణేల్లోనే పొదుపు చేసుకున్నవాళ్ళకు ఆ ప్రకటన ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి.

అదే సంవత్సరం కొత్త రూపాయి నాణ్యత మార్చారు. వెండి 50 శాతం, రాగి 40 శాతం, నికెల్ 5 శాతం, జింక్ 5 శాతం. బరువు మాత్రం అదే 11.66 గ్రాములు. ముందు రాజు తల, వెనుక ఒక రూపాయి అన్న అక్షరాలు. చూడ్డానికి పెద్ద తేడా లేదు. మారిందంతా లోపలే.

ఆ వెంటనే పాత నిండు వెండి రూపాయలను వెనక్కి లాగడం మొదలైంది. 1941 నుంచి 1943 మధ్య విక్టోరియా రూపాయలు, తర్వాత ఎడ్వర్డ్ రూపాయలు, ఆ తర్వాత జార్జ్‌ల నిండు వెండి రూపాయలు ఒకదాని వెంట ఒకటి చెల్లకుండా చేశారు. జనం వాటిని ఖజానాకు ఇచ్చి నోట్లో, కొత్త రూపాయలో తీసుకోవాల్సి వచ్చింది. ఇవ్వనివాళ్ళ దగ్గర అవి నగలుగా మిగిలాయి. ఈరోజు మన హారాల్లో కనిపించే రాణి రూపాయలు ఆ వేటను తప్పించుకున్నవే.

ఉస్మాన్ అలీ ఖాన్ రాజ్యంలోనూ అదే జరిగింది. యుద్ధకాలంలో అచ్చయిన చార్మినార్ రూపాయిలోనూ వెండి సగానికి దిగింది.

అంతటితో ఆగలేదు. యుద్ధంలో భారత ప్రభుత్వం అమెరికా నుంచి దాదాపు 22 కోట్ల 60 లక్షల ఔన్సుల వెండి అప్పు తెచ్చింది. షరతు ఏమిటంటే తిరిగి వెండిగానే ఇవ్వాలి. ఆ వెండి ఎక్కడి నుంచి వస్తుంది? చెలామణిలో ఉన్న సగం వెండి రూపాయల నుంచే రావాలి. అందుకే 1947లో వెండి అసలే లేని నికెల్ రూపాయి వచ్చింది. ముందు రాజు తల, వెనుక పులి బొమ్మ. జనం చేతుల్లోని వెండి రూపాయలను వెనక్కి తీసుకుని, కరిగించి, వెండి వేరుచేసి, స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత 1950లలో ఆ అప్పు తీర్చారు.

కాబట్టి హారంలో 1943 రూపాయి ఉంటే దాని అర్థం ఏమిటి? ఆ సంవత్సరంలోనో, తర్వాతో మన ఇంటి ఆడబిడ్డ కూలి చేసో, గొడ్డును అమ్మో వచ్చిన రూపాయిని ఖర్చుపెట్టకుండా హారంలో కలిపింది. అప్పుడు సర్కారు ఇచ్చిన రూపాయి అదే. అంతకంటే మంచిది బజారులో లేదు. ఎవరూ ఆమెను సంతలో మోసం చేయలేదు. దేశమంతటికీ ఇచ్చిన రూపాయినే ఆమెకూ ఇచ్చారు.

నాణేన్ని చదవడం

పరీక్షల కంటే ముందు చదవాలి. భూతద్దం ఉంటే మంచిది, లేకపోతే ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేసి చూడండి.

వెనుక ఈస్ట్ ఇండియా కంపెనీ అని ఇంగ్లీషులో ఉంటే అది 1835 లేదా 1840 నాణెం. 1835 దాని మీద నాలుగో విలియం తల, 1840 దాని మీద విక్టోరియా తల ఉంటాయి.

విక్టోరియా క్వీన్ అని ఉంటే అది 1862 నుంచి 1876 లోపుది. విక్టోరియా ఎంప్రెస్ అని ఉంటే 1877 నుంచి 1901 లోపుది. 1862 అని వేసిన అచ్చునే తర్వాత చాలా ఏళ్ళు వాడారు కాబట్టి ఆ సంవత్సరం నాణేలు ఎక్కువగా దొరుకుతాయి.

కిరీటం లేని తల, గడ్డం ఉంటే ఏడో ఎడ్వర్డ్. 1903 నుంచి 1910 దాకా. కిరీటం, గడ్డం రెండూ ఉంటే ఐదో జార్జ్. 1911 నుంచి మొదలు. ఆ మొదటి సంవత్సరం నాణెం మీద రాజు అంగీపై ఉన్న ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని గొడవ లేచి, అచ్చు మార్చారు. ఆ 1911 రూపాయి సేకరించేవాళ్ళకు విలువైనది.

కిరీటం ఉండి గడ్డం లేకపోతే ఆరో జార్జ్. ఇక్కడే సంవత్సరం చాలా ముఖ్యం. 1938, 1939 రూపాయలు నిండు వెండి. 1940 నుంచి 1945 దాకా సగం వెండి. 1947ది వట్టి నికెల్. 1939 రూపాయి చాలా అరుదు. అందుకే దానికి నకిలీలూ ఎక్కువ. అర్ధ రూపాయలు, పావలాలు ఉంటే 1940 దగ్గర మరింత జాగ్రత్తగా చూడాలి.

సగం వెండి రూపాయికి అంచు మీద ఇంకో గుర్తు ఉంది. పాత రూపాయి అంచు మీద నిలువు గీతలు మాత్రమే ఉంటాయి. యుద్ధకాలపు రూపాయి అంచు మధ్యలో చుట్టూ సన్నటి గాడి, అందులో చిన్న నగిషీ కనిపిస్తాయి. నకిలీలు చేసేవాళ్ళను అడ్డుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది.

నకిలీని కూడా అంచే పట్టిస్తుంది. అచ్చులో పోతపోసిన నాణేనికి అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తుంది. పైన సన్నటి గుంటలు ఉంటాయి. అక్షరాలు మొద్దుగా ఉంటాయి. వెండి పూత అయితే ఎత్తుగా ఉండే చెంప, కిరీటం దగ్గర అరిగి ఎరుపో పసుపో బయటపడుతుంది.

ఇంట్లో చేయగల పరీక్షలు

నాణేలు పరీక్షించే పని మన దేశంలో ఎంతో పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నాణేలు పరీక్షించే ఉద్యోగికి రూపదర్శకుడు అని పేరుంది. తర్వాతి కాలంలో ఆ పని షరాబులది. కొన్ని పాత రూపాయల మీద చిన్న చిన్న గాట్లు, ముద్రలు కనిపిస్తాయి. లోపల వేరే లోహం ఉందేమోనని షరాబులు కొట్టి చూసిన గుర్తులవి. వాటిని చూసి నాణెం చెడిపోయిందని అనుకోవద్దు.

మొదటిది అయస్కాంతం. వెండి అంటుకోదు. 1947 నికెల్ రూపాయి అంటుకుంటుంది, ఇనుము కలిసిన నకిలీలు అంటుకుంటాయి. కానీ జర్మన్ సిల్వర్ కూడా అంటుకోదు. పేరులో సిల్వర్ ఉన్నా అది రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం, అందులో వెండి చుక్క కూడా ఉండదు. కాబట్టి అంటుకుంటే వెండి కాదని చెప్పొచ్చు. అంటుకోకపోతే వెండే అని చెప్పలేం.

రెండోది చప్పుడు. విడి నాణేన్ని వేలి కొస మీద నిలిపి, ఇంకో నాణెంతో మెల్లగా తట్టితే మంచి వెండి ఖంగుమని కొంతసేపు మోగుతుంది. సీసం, తగరం కలిసినది మొద్దుగా పలుకుతుంది. కానీ కొండి అతికిన నాణెం, పగులు ఉన్న నాణెం నిజమైనదైనా మోగదు. చప్పుడు ఒక్కదాన్ని నమ్మి తీర్పు చెప్పకూడదు.

మూడోది తూకం. కొత్తప్పుడు 11.66 గ్రాములు. ఏళ్ళ తరబడి మెడలో రాసుకుని కొంత అరుగుతుంది. కొండి అతికితే కొంత పెరుగుతుంది. కాబట్టి కొద్దిపాటి తేడాలకు కంగారుపడక్కర్లేదు. కొండి లేని నాణెం 10 గ్రాముల కంటే తక్కువ తూగితే అనుమానించాలి.

నాలుగోది నీళ్ళ పరీక్ష. ఎనిమిదో తరగతి చదివే పిల్లలు కూడా చేయగలిగేదే. హాస్టల్‌లో మేం పిల్లలతో చేయిస్తుంటాం. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న డిజిటల్ కాటా కావాలి.

ముందు నాణేన్ని తూచి బరువు రాసుకోండి. తర్వాత కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ గోడకూ తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేట్టు పట్టుకోండి. అప్పుడు కాటా చూపే అంకె రాసుకోండి. నాణెం తోసేసిన నీళ్ళ బరువు అది. మొదటి అంకెను రెండో అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది.

నిండు వెండి రూపాయికి రెండో అంకె సుమారు 1.13 వస్తుంది, సాంద్రత 10.3. సగం వెండి రూపాయికి 1.22, సాంద్రత 9.5. నికెల్ రూపాయికి 1.31, సాంద్రత 8.9. జర్మన్ సిల్వర్ అయితే 8.5 నుంచి 8.7 దాకా. నాణెం అరిగినా సాంద్రత మారదు, అదే ఈ పరీక్ష గొప్పతనం. కాటా అంత సన్నగా చూపకపోతే ఒకే రకం నాణేలు పది కలిపి ముంచండి. తేడా 11.3, 12.2 అని స్పష్టంగా తెలుస్తుంది.

సీసం వెండికంటే బరువైనది, తగరం తేలికైనది. రెండూ కలిపి వెండి సాంద్రత దగ్గరికి తేవచ్చు. కాబట్టి నాలుగు పరీక్షలూ, చదివిన అక్షరాలూ ఒకే మాట చెప్పినప్పుడే నమ్మాలి.

కొన్ని చేయకూడనివి కూడా ఉన్నాయి. యాసిడ్ పరీక్ష ఇంట్లో వద్దు. నత్రికామ్లం చర్మాన్ని కాలుస్తుంది, దాని పొగ ఊపిరితిత్తులకు ప్రమాదం, నాణెం మీద మచ్చ కూడా పోదు. ఆకురాయితో గీకవద్దు. చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్టు పెట్టి తళతళ రుద్దవద్దు. నల్లబడటం వెండికి సహజం, గాలిలోని గంధకం వల్ల వస్తుంది. సేకరించేవాళ్ళు రుద్దని నాణేనికే ఎక్కువ ధర ఇస్తారు. మురికి ఉంటే కుంకుడు నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. పరీక్ష కోసం హారం తెంపవద్దు. కొండీలు కోయవద్దు.

దుకాణం దగ్గర లెక్క

నిండు వెండి రూపాయిలో వెండి 10.69 గ్రాములు. సగం వెండి రూపాయిలో 5.83 గ్రాములు. పాత చార్మినార్ రూపాయిలో సుమారు 9.1 గ్రాములు. ఈ మూడు అంకెలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

ఒక హారంలో 30 కల్దారు రూపాయలు ఉన్నాయనుకుందాం. 20 రాణి రూపాయలు, 10 యుద్ధకాలపు రూపాయలు. అరుగుదల పక్కన పెడితే మొత్తం వెండి సుమారు 272 గ్రాములు. రెండు యుద్ధకాలపు నాణేలు చూసి "అన్నీ ఇంతే" అని సగం వెండి లెక్క కడితే 175 గ్రాములే అవుతుంది. అక్కడే 97 గ్రాముల వెండి పోయింది. కాబట్టి దుకాణానికి వెళ్ళే ముందు ఇంట్లోనే సంవత్సరాల వారీగా నాణేలు లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి.

తులం మాట దగ్గరా జాగ్రత్త. నానీ చెప్పే తులం రూపాయి ఎత్తు, 11.66 గ్రాములు. ఇప్పుడు దుకాణాల్లో తులమంటే 10 గ్రాములు. 30 తులాల హారమంటే ఆమె లెక్కలో 350 గ్రాములు, వాళ్ళ లెక్కలో 300. కాబట్టి గ్రాముల్లోనే మాట్లాడండి.

కొండి అతికిన చోట వేరే లోహం ఉంటుంది కాబట్టి కొంత తరుగు తీయడం న్యాయమే. ఎంత తీస్తున్నారో అడగండి. అనుమానం ఉంటే బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రంలో యంత్రంతో చూపించవచ్చు. ఆ యంత్రం ప్రధానంగా పైపొరనే చదువుతుంది కాబట్టి, దాని ఫలితాన్ని నీళ్ళ పరీక్షతో సరిచూసుకోండి.

ఇంకో వైపు కూడా మోసం ఉంది. "పాత నాణేనికి లక్షలు ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి" అని ఫోన్లు వస్తున్నాయి. రిజర్వ్ బ్యాంక్ తన పేరుతో జరుగుతున్న ఇలాంటి మోసాల గురించి 2021లో ప్రజలను హెచ్చరించింది. రాముడు, సీత, హనుమంతుల బొమ్మలతో 1818 అని రాసి ఉన్న ఈస్ట్ ఇండియా కంపెనీ రాగి నాణేలు కంపెనీ అచ్చువేసినవి కావు. బియ్యాన్ని లాగే నాణేలు అసలే లేవు. రైస్ పుల్లింగ్ పేరుతో డబ్బు అడిగినవాళ్ళను పోలీసులకు అప్పజెప్పండి.

దున్నుతున్నప్పుడు నాణేల కుండ బయటపడితే దాచవద్దు. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. పది రూపాయల కంటే విలువైన పూడ్చిన సొమ్ము దొరికితే కలెక్టర్‌కు తెలపాలి. ఇంట్లో తరతరాలుగా ఉన్న హారం దాని కిందికి రాదు. భయపడక్కర్లేదు.

అమ్మకముందు రాసిపెట్టండి

అమ్మవద్దని మేం చెప్పడం లేదు. ఆపద వేళ ఆదుకోవాలనే ఆ హారం కట్టారు. పిల్ల చదువుకు అమ్మితే నానీకి సంతోషమే. కానీ తెలుసుకుని అమ్మాలి. అమ్మే ముందు ఒక్కో రూపాయికి రెండు వైపులా ఫోటో తీయండి. సంవత్సరం, పాలకుడు, బరువు నోటు పుస్తకంలో రాయండి. అది ఎవరి హారం, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, ఏ తాండా నుంచి వచ్చింది అని ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి పక్కన రాయండి. నాణెం మీది సంవత్సరం వాళ్ళ జ్ఞాపకానికి ఆసరా అవుతుంది. నాణెం కరిగిపోయినా ఆ పుస్తకం మిగులుతుంది.

ఇలా ప్రతి తాండాలో పదేసి ఇళ్ళ వివరాలు రాసినా, మన వాళ్ళు ఏ కాలంలో సంపాదించారో, ఏ కాలంలో చితికిపోయారో మనమే చెప్పగలం. ఏ సంవత్సరాల రూపాయలు ఎక్కువ, ఏ సంవత్సరాలవి అసలు లేవు అన్నది కూడా ఒక చరిత్రే. దాన్ని బయటివాళ్ళు వచ్చి రాసిపెట్టరు.

ఈసారి ఎవరైనా యుద్ధకాలపు రూపాయి చూసి "మీ నానీని మోసం చేశారు" అంటే, సంవత్సరం చూపించి చెప్పండి. ఈ నాణెం నిజమైనదే. ఇందులో సగం వెండి తీసింది సర్కారు. మిగిలిన సగాన్ని ఎనభై ఏళ్ళకు పైగా కాపాడింది మా నానీ.

జై సేవాలాల్.